నాలుగో స్క్రూ

పక్షవాతం వచ్చాక మా ఆయనకు మాట పడిపోయింది. నోరు తెరిస్తే "బ" అనో "అబ" అనో వస్తుంది, అంతే. బళ్లో గొంతు చించుకుని పాఠాలు చెప్పిన మనిషి, ఇంట్లో నన్ను ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వని మనిషి. కానీ పాట పెడితే పదాలు వచ్చేవి. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన కీర్తన మోగుతుంటే, వెనకాలే వంకర నోటితో ఒక్కో పదం స్పష్టంగా అనేవారు. పాట ఆగితే మాటా ఆగేది. "పాడిస్తూ ఉండండమ్మా, ఆ దారినే మాటలు రావచ్చు" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క ఆశ పట్టుకుని వేలాడుతున్నాను.

ఆ పాట మోగేది ఆయన తన చేతులతో చేసుకున్న యాంప్లిఫయర్‌లో. పెళ్లయిన కొత్తలో సామాన్లు కొనుక్కొచ్చి రేకు పెట్టెలో బిగించారు. స్పీకరేమో మట్టి కుండ మూతికి పెట్టారు. నంద్యాలలో మా వీధి వీధంతా ఆ కుండ గొంతు వినే ఆదివారం లేచేది. మొన్న ఎండాకాలంలో ఆ యాంప్లిఫయర్ గుర్రుమని, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. ఫోన్లో అదే పాట పెట్టాను, మొహం తిప్పుకున్నారు. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో కొత్త స్పీకర్ తెప్పించింది, పెదవి కదపలేదు. కుండకే వేరే యాంప్లిఫయర్ తగిలించి చూశాం. ఆయన చెవికి తేడా తెలిసిపోయింది. ఈ మొండితనం మాత్రం పక్షవాతం తెచ్చింది కాదు, ముందు నుంచీ ఉన్నదే.

సరే, ఆ పెట్టెనే బాగుచేయిద్దామని ఆటోలో వేసుకుని బస్టాండు దగ్గరి షాపుకు తీసుకెళ్లాను. మెకానిక్ మూత స్క్రూలు మూడు తీశాడు. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తిప్పీ తిప్పీ దాని తలమీది గాడి అరిగిపోయింది.

"ఇది ఊడదమ్మా. పొడుగు స్క్రూ, కిందున్న ట్రాన్స్‌ఫార్మర్ దాకా దిగిండాది. డ్రిల్లు పెడితే అదీ పోతాది. ఇంగ నేనేం చేసేది?" అని పెట్టె నా చేతిలో పెట్టాడు.

ఇంటికి తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాన్ని ఎలా తీయాలో ఆయనకు తెలుసు. ఆ స్క్రూ బిగించిందే ఆయన. ఎడమ చేత్తో గాలిలో ఏదో గీసి చూపించారు. నూనె తెచ్చాను, కాదన్నట్టు తల ఊపారు. సుత్తి తెచ్చాను, కాదు. పట్టకారు తెచ్చాను, కాదు. ఆఖరికి కొవ్వొత్తి, చీపురుపుల్ల కూడా తెచ్చి చూపించాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక కొవ్వొత్తిని గోడకేసి కొట్టాను.

మా తమ్ముడికి కబురు చేశాను. వాడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పని చేస్తాడు. మేము చర్చికి పోయేవాళ్లమే అయినా, రాయికి మతమేందని అంటాడు. విగ్రహానికి వేలో ముక్కో విరిగితే అతుకు కనబడకుండా అతికించడంలో వాడు మొనగాడు. సంచి నిండా పనిముట్లతో పొద్దున బస్సుకే దిగాడు.

"నువ్వేం దిగులు పడాకు బావా. దీని సంగతి నేను చూస్తా" అని స్క్రూ ముందు కూర్చున్నాడు. ఉలితో కొట్టి తిప్పబోయాడు, కదల్లేదు. సంచిలోంచి రాళ్లు అతికించే మందు డబ్బాలు రెండు తీశాడు. రెండూ కలిపి స్క్రూ తలమీద పోసి, అందులో స్క్రూడ్రైవర్‌ను నిలబెట్టాడు.

"ఇది ఆరితే రెండూ ఒకటే అయితాయక్కా. అప్పుడు తిప్పితే రాక యాడికి పోతాది? ఈ మందు పట్టిందంటే రాయి పగలాల్సిందే గాని అతుకు ఊడదు."

మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చి తిప్పాడు. కదల్లేదు. వంగి చూస్తే, మందు కిందికి జారి స్క్రూ చుట్టూ పాకింది. స్క్రూ, మూత, స్క్రూడ్రైవర్ మూడూ ఒకే ముద్ద. వాడి పనితనం ఎంత గొప్పదంటే అతుకు ఎక్కడుందో నాక్కూడా కనబడలేదు. మూత మీద జెండా కర్రలా స్క్రూడ్రైవర్ నిలబడి ఉంది. నవ్వాలో, వాడి నెత్తిన ఒకటి మొట్టాలో తెలియక అక్కడే కూలబడ్డాను.

తమ్ముడి మొహం మాడిపోయింది. సంచిలోంచి రాయి కోసే మిషన్ తీసి ప్లగ్గు పెట్టాడు. "మూత కోసేస్తాక్కా. ఇంగ వేరే దారి లేదు."

మిషన్ గిర్రుమంది. దాని చక్రం పెట్టెకు ఆనబోతుండగా మంచం మీద నుంచి వినబడింది.

"వద్దు."

ఏ పాటా మోగడం లేదు. ఆ మాట ఏ కీర్తనలోదీ కాదు, ఆయన సొంతం. తమ్ముడు మిషన్ ఆపేశాడు. నేను మంచం దగ్గరికి పరిగెత్తి ఆయన గడ్డం పట్టుకున్నాను. "ఏమన్నావు? ఇంగొకసారి అనప్పా. ఒక్కసారి అను" అని బతిమాలాను. పొద్దుగూకే దాకా బతిమాలాను. "అబ" అన్నారు. మళ్లీ "అబ" అన్నారు.

వద్దన్నారు కాబట్టి ఆ పెట్టెను కోయలేదు. అది అలాగే ఉంది, లోపల ఏం కాలిందో మాకు తెలియదు. పాట లేదు. ఆ మాట తర్వాత ఇంతవరకు ఇంకో మాట రాలేదు. అందుకే అన్నం పెట్టేటప్పుడు, ఆయన కడుపు నిండిందని తెలిసి కూడా కంచంలో ఇంకో గరిటె వేస్తాను. వద్దంటారేమోనని ఆయన నోటివైపే చూస్తూ నిలబడతాను. ఆయన తల వంచుకుని అది కూడా తినేస్తారు.