పంటి పురుగు, నట్టల మందు

మా నాయిన ఈల వేస్తే గొర్రెల మంద మొత్తం తల తిప్పేది. నోట్లో వేళ్లు పెట్టేవాడు కాదు. నాలుకను ముందరి పళ్లకు ఆనించి గాలి వదిలేవాడు, అంతే. కల్వకుర్తి దగ్గరి మా ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లు చాలామందే ఉన్నా, మా మంద ఆయన ఈలకే మళ్లేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను చౌటుప్పల్‌లో ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాను. అక్కడే కిరాయికి ఉంటూ నెలకోసారి ఊరికి వచ్చేదాన్ని. అట్లా వచ్చిన ఒక పొద్దున చూస్తే, నాయిన గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని దూదిని నట్టల మందులో ముంచి చిగుళ్లకు అద్దుకుంటున్నాడు. గొర్రెల కడుపులో పురుగులు చావడానికి వానల ముందు తాగించే మందు అది. సీసా గుంజుకున్నాను.

“నువ్వేమన్న గొర్రెవా నాయినా?”

“పంటిల పురుగు వడ్డది బిడ్డా. నెత్తురు కారుతాంది. గొర్రె కడుపుల పురుగును సంపే మందు నా పంటి పురుగును సంపదా?”

“పంటిల పురుగులుండయి. అవి కంటికి కనవడని క్రిములు.”

“క్రిములంటే పురుగులే గద?”

జవాబు లేనప్పుడు నవ్వడం నాకు అలవాటు. పడీపడీ నవ్వాను. అంతటితో ఊరుకున్నానా? చుట్టాల పెళ్లిలో పదిమందిలో చెప్పాను. నాయినకు బావమరిది వరుసయ్యే ఒకాయన, “ఏం బావా, గొర్లకేమన్న మిగిలిచ్చినవా మందు?” అని ఆటపట్టించాడు. నాయిన కూడా నవ్వాడు, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత పంటి మాట ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు. సీసా గుంజుకుంటే నా పని అయిపోయిందనుకున్నాను. మందుల కంపెనీలో పనిచేస్తున్నానన్న మిడిసిపాటు ఉంది గాని, ఆయన్ను దవాఖానకు తీసుకుపోవాలన్న సోయి లేదు.

రెండు మూడేళ్ల తర్వాత, ఆయన జొన్నరొట్టెను పులుసులో నానబెట్టి నమలకుండా మింగుతుంటే చూశాను. బతిమాలి కల్వకుర్తిలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చిగుళ్లలో చీము పట్టి లోపలి ఎముక కరిగిపోయిందట. ముందరి నాలుగు పళ్లు తీసేయాలన్నాడు. డాక్టరు చీటీలో రాసిన మాత్ర చూసి ఉలిక్కిపడ్డాను. రోజూ నా చేతుల మీదుగా పోయే మాత్రే.

“ఇది జిగట విరేచనాలకు గద సార్?”

“అవునమ్మా. మొదట ఒంట్లో బతికే పరాన్నజీవుల కోసమే తెచ్చారు. చిగుళ్లను పాడుచేసే బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుందని తర్వాత తెలిసింది. మొదట్లోనే వస్తే పళ్లు శుభ్రం చేసి ఇది ఇచ్చేవాణ్ని. ఇంతదాకా వచ్చేది కాదు.”

నాయిన నా వైపు తిరిగాడు. “అంటే పురుగుల మందేనా బిడ్డా?”

“ఆఁ నాయినా.”

‘నేను అప్పుడే చెప్పిన గద’ అని ఆయన ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

గొర్రెల మందు లాక్కున్నందుకు నాకు బాధ లేదు. అది మనిషి నోట్లో పెట్టేది కాదు. కానీ నొప్పికి ఆయన పెట్టుకున్న పేరును చూసి నవ్వాను, ఆయన నొప్పినే దాచుకున్నాడు. ఆ పాపం నాదే.

కట్టుడు పళ్లు పెట్టించాను. పెళ్లిళ్లకు పెట్టుకుంటాడు. ఈల మాత్రం తిరిగి రాలేదు. మొన్న ఊరికి పోయినప్పుడు ఆయనతో పాటు మంద వెనక నడిచాను. గొర్రెలు పక్కవాళ్ల కంది చేనులోకి మళ్లుతుంటే, నాయిన అలవాటు కొద్దీ నాలుకను పళ్లు లేని చిగుళ్లకు ఆనించి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది. ఒక్క గొర్రె కూడా తలెత్తలేదు. నేను విన్నానా అని ఓరగా చూసి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈసారి నేను నవ్వలేదు. గొర్రెల వెంట పరుగెత్తాను.