శుక్రవారం నెమ్మదించే వై-ఫై

2008 వేసవిలో నన్ను కౌంటరు నుంచి తీసి ఫీల్డు సర్వీసుకు వేశారు. కాశీబుగ్గలో కంప్యూటర్లు అమ్మి, మరమ్మతు చేసే దుకాణం మాది. నా హోదా ట్రైనీ ఇంజనీరు. అక్కుపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగిలేది కాదు. అందుకే చూసినదీ చేసినదీ తిరుగు బస్సులో డైరీకి చెప్పుకునేదాన్ని.

ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. వై-ఫై మరీ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు. శుక్రవారం వెళ్లాను. పద్ధతి ప్రకారం ముందు మోడెంకు కేబుల్ పెట్టి చూశాను. వేగం బాగుంది, అంటే లైను మంచిదే. యజమాని బల్ల దగ్గర వై-ఫైలో మాత్రం ఒక మెయిల్ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. తప్పు ల్యాప్‌టాప్ లోపలి వైర్‌లెస్ కార్డుదేనని తేల్చాను. దుకాణానికి తెచ్చి, వారంటీ కింద కార్డు మార్చి, శనివారం మధ్యాహ్నం తిరిగి ఇచ్చాను. పరుగెత్తింది. ఫారం మీద ‘కార్డు లోపం, సరిచేయబడింది’ అని రాసి సంతకం చేశాను. ఆ రోజు బస్సులో నవ్వు ఆపుకోలేకపోయాను.

తరవాతి గురువారం మళ్లీ ఫోను. “ఏటమ్మా, కొత్త కార్డన్నావు, ఇదీ నత్తనడకే!” అన్నారాయన. ఈసారి తేల్చకపోతే మళ్లీ కౌంటరేనని మా మేనేజరు చెప్పేశారు.

శుక్రవారం బస్సులో పాత పేజీలు తిరగేశాను. గత శుక్రవారం: ‘గదిలో పప్పు డబ్బాలు నా తల ఎత్తున ఉన్నాయి. సందులోంచి దూరి మోడెం దగ్గరికి వెళ్లాను.’ శనివారం: ‘గది ఖాళీ. మాట్లాడితే మోగుతోంది.’

ఫ్యాక్టరీలో జీడిపొట్టు కాలిన ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. గది మళ్లీ డబ్బాలతో నిండి ఉంది. పప్పు గ్రేడింగు చేసే పార్వతమ్మను మెల్లగా అడిగాను, డబ్బాలు ఇన్ని ఎందుకున్నాయని.

“వారమంతా పేరుత్తాం పాపా. సుక్రోరం లచ్చిమిని గుమ్మం దాటిత్తారేటి? శనోరం పొద్దున్నే లారీకెత్తుతారు,” అంది. పక్కావిడ నవ్వింది: “కంపూటరు బాగుసేత్తాదంటే డబ్బాలు లెక్కెడతందేటే ఈ పిల్ల!”

డబ్బాలు రేకువి. వైర్‌లెస్ సంకేతం రేకును దాటలేదు. మోడెం నేల మీద, యజమాని బల్ల ఆ డబ్బాల వరసకు అవతల. శుక్రవారం కనుక డబ్బాలు బయటికి జరపమనడం కుదరదు. స్టూలెక్కి, మోడెంను వరస కన్నా ఎత్తున గోడ అరలో పెట్టాను. ల్యాప్‌టాప్ తెర మీద ఒక గీత చూపే సంకేతం ఐదు గీతలైంది. మళ్లీ నేల మీద పెట్టాను, ఒకటే గీత. మళ్లీ పైన, ఐదు.

ఇక కష్టమైన పని మిగిలింది. పాత కార్డులో లోపం లేదని, పొరపాటు నాదేనని యజమానితో చెప్పాను.

ఆయన డబ్బాలకేసి చూసి, “నీదీ కాదు, నాదీ కాదమ్మా. లచ్చిమి తల్లి అడ్డం కూకుంది,” అని నవ్వారు.

పాత ఫారం కొట్టేసి కొత్తది రాశాను. మేనేజరు రెండూ చదివి, సోమవారం మందసలో సర్వీసు కాల్ నాకే ఇచ్చారు. ఆరేళ్లు ఫీల్డులోనే చేసి మానేశాను.

మరమ్మతు తరవాత యంత్రం బాగుపడితే, అది మన మరమ్మతు వల్లే అనుకోకూడదు. తప్పును మళ్లీ రప్పించి, మళ్లీ పోగొట్టి చూశాకే సంతకం పెట్టాలి.