అద్దాలు మసకబారిన ఆపరేషన్

2020లో కరోనా వచ్చాక, హోసూరులోని మా ఆస్పత్రిలో అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఆపేశారు. నా దగ్గర సర్జరీ నేర్చుకునే రెసిడెంట్, అంటే ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్, భారతి నెలల తరబడి కరోనా వార్డులోనే ఉండిపోయింది. కత్తి పట్టకుండా సర్జన్ ఎలా తయారవుతుంది? మత్తిగిరి మాంసం అంగడి నుంచి మేకపేగులు తెప్పించి, పీపీఈ తొడిగించి మరీ కుట్లు వేయించేవాణ్ణి.

"ఇంక ఈ జన్మలో బోటి కూర తినలేను సార్" అనేది.

ఒక ఉదయం కృష్ణగిరి వైపు నుంచి మునియప్ప అనే గొర్రెల కాపరిని తెచ్చారు. స్ట్రాంగ్యులేటెడ్ హెర్నియా: గజ్జల్లోకి జారిన పేగు ఇరుక్కుపోయి రక్తం అందదు. ఆస్పత్రికి వస్తే కరోనా అంటుకుంటుందని భయపడి ఇంట్లోనే ఓర్చుకున్నాడు, పాపం. ఆ రోజుల్లో గొంతులో గొట్టం వేసి పూర్తి మత్తు ఇస్తే వైరస్ గాల్లోకి చిమ్ముతుందని, వీలైన చోటల్లా నడుముకే మత్తు ఇచ్చేవాళ్లం. అందుకే ఆయన మెలకువగా ఉన్నాడు.

"ఏమమ్మా, కోసేది నువ్వేనా? ఎంతమందికి కోసినావు?"

"ఈ మధ్య మేకపేగులే కుట్టినానప్పా."

"మేకలు బతికినాయా?"

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "నేనూ ఈడనే ఉండాను మునియప్పా, భయపడొద్దు" అన్నాను.

పేగు బయటికి తీస్తే నల్లగా కనిపించింది. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డ చుట్టి, రంగు తిరిగొస్తుందేమోనని ఆగాం. సరిగ్గా అప్పుడే నా గాగుల్స్ పూర్తిగా మసకబారాయి. తుడుచుకునే వీల్లేదు. మార్చుకుని రావాలంటే భారతిని ఒంటరిగా వదలాలి. చచ్చిన పేగును లోపల పెడితే మనిషి దక్కడు. బతికున్నదాన్ని కోస్తే, నీరసించిన ఆ ఒంటికి అనవసరంగా పెద్ద ఆపరేషన్.

"ఏం కనిపిస్తా ఉంది భారతీ?"

"నల్లగా ఉంది సార్."

"నల్లగానా, ఊదాగానా? బాగా చూడు."

గుడ్డ ఇంకాస్త తొలగించినట్టుంది. "ఊదా సార్. అంచుల్లో ఎర్రబడతా ఉంది."

"మెల్లగా గిల్లు."

"కదిలింది సార్!"

"పక్కన రక్తనాళం?"

"కొట్టుకుంటా ఉంది."

"మరి కోద్దామా?"

"వద్దు సార్. లోపలికి పంపిద్దాం."

నా కళ్లతో చూసింది కాదు. అయినా సరేనన్నాను.

ఆ తర్వాత ఎప్పుడు వార్డుకు వెళ్లినా ఆయన పొట్ట నొక్కి చూడందే కదిలేవాణ్ణి కాదు. పేగు మళ్లీ పనిచేస్తోందనడానికి మాకు మొదటి గుర్తు గాలి పోవడం. ఒక పొద్దున మునియప్ప వార్డంతా వినిపించేలా "పోయిందమ్మా!" అని కేకేశాడు. ఆ కబురు నాకు చెప్పడానికి భారతి పరుగెత్తుకుంటూ వచ్చింది. మాస్కు పైన కళ్లనిండా నీళ్లు.

నా అద్దాలు తేటగా ఉండుంటే, ఆమె నోరు తెరవకముందే నేనే చూసి తేల్చేసేవాణ్ణి. గాగుల్స్ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ రెసిడెంట్ చేతిలోకి పేగు వస్తే నేను తొంగిచూడను. కాస్త వెనక్కి నిలబడి, "ఏం కనిపిస్తా ఉంది?" అని అడుగుతాను.