కంటి ఉలి

మా ఇంట్లో అన్నానికి కూడా ఇనుము వాసన ఉండేది. నంద్యాల బజారులో నాయనది ఇనుప సామాన్ల అంగడి. నడక కంటే ముందు నేను బేరం నేర్చుకున్నానని మా అమ్మ పదిమందిలో చెప్పేది. అది మెచ్చుకోలు కాదని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

కొత్త పైసలు వచ్చిన కాలం అది. అంగడికి ఫ్యాక్టరీ ఉలులు, బాడిశలు, రంపాలు పెట్టెల్లో నిగనిగలాడుతూ దిగేవి. పనివాళ్లు వచ్చి, గోటితో మొన తడిమి, మళ్లీ పెట్టెలోనే పెట్టేవారు. ఇవి రెండు రోజులకే మొండిబారతాయి, మన కమ్మరి కొట్టిన పాతవేమన్నా ఉంటే చూపించమనేవారు. ఒకడు అడిగితే చాదస్తం, పదిమంది అడిగితే గిరాకీ. మా చుట్టుపక్కల కొలుముల్లో ఎప్పుడో కాల్చి సాగగొట్టిన పనిముట్ల కోసం నేను ఊళ్లు తిరగడం అట్లా మొదలైంది.

అయితే చేతికి అలవాటైన పనిముట్టును బతికున్నవాడు అమ్మడు. కాబట్టి బస్సు దిగి, టీ అంగడి దగ్గర నేను అడిగే మొదటి మాట, ఈ మధ్య పనివాళ్లలో ఎవరన్నా పోయారా అని. కొన్నాళ్లకు జనం నా సంచిని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. పగిడ్యాలలో ఒక ముసలమ్మ నన్ను చూసి అరుగు మీద నుంచి లేవకుండానే చెప్పింది: "మా ముసలాయన ఇంకా పోలేదులే అప్పా. మళ్లా నెల రా."

లోపల ఎవరో దగ్గారు. నేను నవ్వాను. మళ్లీ నెలకు పోయాను కూడా.

ఆళ్లగడ్డలో శిల్పుల వీధికి నేను పోయింది మిట్టమధ్యాహ్నం. ఆ వీధిలో పగలంతా ఉలి చప్పుడే. ఇంటింటి ముందూ ఒక కొట్టం, కొట్టంలో రాయి, రాయి ముందు మనిషి. చప్పుడు లేని ఇల్లు ఒక్కటే ఉంది. టీ అంగడి అతను చెప్పిన ఇల్లు అదే. రాతి దుమ్ము రొమ్ములో చేరి, దగ్గి దగ్గి, ఆ ఇంటి శిల్పి నెల కిందట పోయాడట.

ఎండలోంచి కొట్టంలోకి వచ్చేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. మూలన గోనె కప్పుకుని కూర్చున్న ఆడమనిషి ఆకారం కనిపించింది. మొగుడు పోయిన మనిషి ముసుగేసుకుని కూర్చుంటే వింతేముంది? చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, వినయంగా బేరం మొదలుపెట్టాను. వాడకపోతే ఇనుము తుప్పు తింటుందని చెప్పాను. నా ధర చెప్పాను. ఆమె పలకలేదు. పలకనివాళ్లు ఎక్కువ ఆశిస్తున్నారని అర్థం. నేనే కొంచెం పెంచాను. అప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. ఇంకొంచెం పెంచాను.

"ఎవరితో మాట్లాడ్తాండావప్పా?"

మాట వెనక నుంచి వచ్చింది. చంకన నీళ్ల బిందెతో ఒకామె గడప దగ్గర నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. నేను మెల్లగా మూలకు తిరిగి చూశాను. గోనె ఒక పక్కకు జారి ఉంది. నల్లరాతి మొహం. నుదురు, ముక్కు, పెదవులు అన్నీ తీరి ఉన్నాయి. కళ్లు ఉండాల్సిన చోట మాత్రం నున్నగా, ఏమీ లేదు. అయినా ఆ మొహం ఇంతసేపూ నేను చెప్పిందంతా విన్నట్టుంది.

సంజామల దిక్కు ఒక ఊరివాళ్లు చేయించుకుంటున్న పెద్దమ్మ విగ్రహమట. కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారు. అంతలోనే అతను పోయాడు.

రాయితో బేరమాడి, దాని మౌనానికి జడిసి ధర పెంచిన వ్యాపారి మా వంశంలో నేనొక్కడినే. పెంచినదంతా ఆ ఇల్లాలి దగ్గర మళ్లీ దించాను. పెద్ద ఉలులు, సుత్తులు, ఒక గడ్డపార, అన్నీ కలిపి బేరం కుదిరింది.

బేరం కుదిరాక కొసరు అడగకపోతే మావాళ్లకు అన్నం సహించదు. గూట్లో, మిగతా సామానుకు దూరంగా, పసుపు గుడ్డలో చుట్టిన సన్నటి ఉలి కనిపించింది. జానెడు కూడా లేదు. కొసరుగా దాన్ని వేయమన్నాను.

"అది ఆయన ఎవర్నీ ముట్టనిచ్చేటోడు కాదు" అందామె.

పదేళ్లప్పటి నుంచి అంగట్లో కూర్చున్నవాడికి ఆ మాట ఎట్లా వినపడుతుందో చెప్పాలి. ఈ చెంబు మా అవ్వ కాశీ నుంచి తెచ్చింది, ఈ గొడ్డలి మా తాత ప్రాణం, ఇట్లాంటివి ధర పెంచడానికి చెప్పే మాటలని నాకు తెలుసు. వాటికి నవ్వడమే జవాబు. కొసరు లేని బేరం ఎక్కడన్నా ఉంటుందా అక్కా అని నవ్వి, సంచిలో వేసుకున్నాను. ఆమె గోనె సరిచేయడానికి అటు తిరిగింది.

పది రోజులకు ఒక పెద్దాయన ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా మా అంగడికి వచ్చాడు. ఒళ్లంతా రాతి దుమ్ము, రెప్పల మీద కూడా. ఆ చనిపోయిన శిల్పికి ఎదురింటివాడు, పనిలో అతనికంటే పెద్ద. విగ్రహానికి కళ్లు తెరవడానికి ఒప్పుకున్నాడట. ఉలి కోసం చూస్తే గూడు ఖాళీ.

వేరే ఉలి లేదా అన్నాను. నేను ఇనుము అమ్ముకునేవాణ్ణి, ఆ ప్రశ్న తప్పని నాకు తట్టలేదు.

"మొగం చెక్కిన ఉలితోనే కన్ను తెరవాల సెట్టీ" అన్నాడు. "వేరే ఉలి పెడితే ఆ బొమ్మ నాదయితాది. వానిది గాదు. వాడు చేసిన కడాపటి పని అది."

మిగిలింది కూడా చెప్పాడు. అమావాస్యకు ఊరివాళ్లు బండి కట్టుకుని వస్తారు. కళ్లు లేని అమ్మను వాళ్లు తీసుకుపోరు. మరొకచోట చేయించుకుంటారు, ఇది ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. ఇప్పటికే చుట్టుపక్కలవాళ్లు ఎవరూ ఆ గడప తొక్కడం లేదు. నిప్పుకు రారు, పిలిస్తే పలకరు. ఒంటరి ఆడది కళ్లు లేని అమ్మతో ఒక కప్పు కింద ఎన్నాళ్లు ఉంటుంది?

నాయన ఇదంతా తూకం రాళ్లు సర్దుతూ విన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు: "కొనేటప్పుడు ఎంత తెలివి చూపిచ్చినావో, అంతా చూపిచ్చి తెచ్చియ్ పో."

అయితే ఆ ఉలి అప్పటికే నా దగ్గర లేదు. అరిగి నున్నబడిన రోళ్లకు, తిరగళ్లకు మళ్లీ గరుకు వచ్చేటట్టు కక్కు కొడుతూ వీధులు తిరిగే మనిషికి అమ్మేశాను. అతనికి ఇల్లూ వాకిలీ లేదు. ఏ ఊరి అరుగు నీడ దొరికితే అదే ఇల్లు.

మా వెనక వీధిలో అడగడం మొదలుపెట్టాను. మొదటి ఇంటి ఆమెను, మీ రోలుకు కక్కు కొట్టినాయన ఎటు పోయాడమ్మా అని అడగగానే, అతను కనపడితే తనకూ చెప్పమంది, నాలుగు తిట్టాలట. పెరట్లోకి తీసుకుపోయి రోలు మీద గోనె తీసింది.

కక్కు అంటే వరసగా పడే చిన్న గుంటలు. ఇవి గుంటలు కావు. బాదంగింజ మాదిరి, రెండు కొసలూ సన్నగా వంపు తిరిగి, నడుమ ఒక చుక్క. రోలు లోపలంతా అవే, పదులకొద్దీ. అన్నిట్లోనూ చుక్క ఒకే కొసకు జరిగి ఉంది, ఓరకంట చూస్తున్నట్టు.

"పిండి రుబ్బుతాంటే నా చెయ్యి పోయిన దిక్కల్లా సూస్తాంటాది" అందామె. "కండ్లు మూసుకోని రుబ్బుతాండా."

నేను సరుకు తెలిసినవాణ్ణి. మొన ఏటవాలుగా నూరిన ఉలితో ఎవరు కొట్టినా వంపే పడుతుంది, ఇందులో ఏమీ లేదని ఆమెకు చెప్పాను. బయటికి వచ్చాక అదే మాట నాకు నేను ఇంకో రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

అక్కడి నుంచి ఆ కళ్లే నాకు దారి చూపాయి. ఇంటింటికీ పోయి, మీ రోలు చూడొచ్చా అమ్మా అని అడగడం. పొరుగింటి రోళ్లు చూడడానికి తిరిగే మగవాణ్ణి ఏమంటారో అన్నీ అన్నారు. నేను పడ్డాను. కళ్లున్న రాయి కనపడితే అతను ఆ వీధిలో పోయినట్టు, కనపడకపోతే పోనట్టు. నాలుగు రోజుల్లో ఎన్ని రాళ్లు చూశానో. ఒక ఇంట్లో తిరగలిని గోడకేసి తిప్పి పెట్టారు. ఇంకో ఇంట్లో పిండి మెదిగి మెదిగి ఆ గీతల్లో తెల్లగా దిగింది, నల్లరాతిలో తెల్లగుడ్లు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

వరస వెలుగోడు దిక్కు సాగింది. ఆ ఊళ్లోనే, ఒక గోడ నీడన, ముందు సుత్తి ఒక్కటే పెట్టుకుని, పని లేకుండా కూర్చుని దొరికాడు అతను. దారి పొడవునా నేను లెక్క వేసుకుంటూనే వచ్చాను. నా అవసరం వాడికి తెలియకూడదు, మొదట సగమే అనాలి, పోనీలే అని లేచిపోతున్నట్టు నటించాలి. ఇంకా నేను కూర్చోక ముందే అతను మొలలోంచి గుడ్డమూట తీసి నేల మీద పెట్టాడు. ఇనుమును చేతిలోంచి చేతికి ఇవ్వరు.

ఎంత ఇమ్మంటావన్నాను.

"దుడ్లు వద్దు. బేగా తీసుకపో."

నేను ఎక్కువ చెప్పాను. వద్దన్నాడు. ఇంకా ఎక్కువ చెప్పాను. ధర అడగనివాడితో బేరం ఎట్లా చేయాలో మావాళ్లలో ఎవరికీ తెలియదు. ఎందుకు వద్దని అడిగాను.

"నేను గీత కొడ్తే అది వంపు తిరుగుతాది. పోనీలే అనుకుంటి. మొన్న ఒకరి తిరగలికి కొట్టి, నీళ్లు పోసి కడిగి సూస్తిని. మా యమ్మ కన్ను. సచ్చి పదేండ్లాయ మా యమ్మ." మూటను కాలితో నా వైపు జరిపి, "మూడు దినాలు ఆయ నేను సుత్తి పట్టక" అన్నాడు.

బస్సులో ఆ మూటను ఒళ్లో పెట్టుకోలేదు. కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. తర్వాత అదీ బాగుండదనిపించి చేత్తో పట్టుకున్నాను.

అమావాస్య ఇంకా రెండు రోజులుంది. ఆళ్లగడ్డ కొట్టంలో పెద్దాయన గుడ్డ విప్పి, మొనను బొటనవేలితో తాకి, కింద పెట్టాడు. రోళ్ల మీద పడి పడి మొన అరిగిపోయింది. పోయినవాడు ఏ వాటంలో నూరేవాడో వానికి తప్ప ఎవరికీ తెలియదన్నాడు. తను నూరితే అది తన ఉలి అవుతుంది.

అప్పుడు ఆ ఇల్లాలు వచ్చి ఉలి తీసుకుంది. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు ఉలి ముట్టరు. పెద్దాయన వద్దనబోయి, సానరాయిని ఆమె వైపు జరిపాడు.

"సప్పుడు నాకు తెలుసు" అందామె. "పద్దెనిమిదేండ్లు పొయ్యి కాడ కూసోని ఇన్న్యా."

సానరాయి మీద నీళ్లు చల్లి, కళ్లు మూసుకుని నూరింది. నూరడం, చెవి వాల్చడం, కొంచెం వాటం మార్చడం. మొదట గరగరమంది. చాలాసేపటికి సన్నగా, ఈల వేసినట్టు, ఒక చప్పుడు వచ్చింది. ఆమె చేయి అక్కడ ఆగింది. ఉలిని నేల మీద పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది.

కళ్లు తెరిచేటప్పుడు విగ్రహం ముందు మనిషి ఉండకూడదు. మొదటి చూపు అద్దం మీద పడాలి. పెద్దాయన పక్క నుంచి ఒంగి ఉలి పెట్టాలి. అద్దం పట్టుకునే పని నాకిచ్చారు. ఇదంతా చేసినవాడివి నువ్వే కదా అని ఎవరూ అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. నిలువు అద్దం వెనక నేను దాక్కుని నిలబడ్డాను.

ఒక ఇంట్లో కళ్లు తెరుస్తుంటే ఆ వీధి మొత్తం సుత్తులు దించుతుంది. అది నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్కో కొట్టంలో చప్పుడు ఆగిపోతూ వచ్చింది. పట్టపగలు, నడి ఎండలో, వీధి వీధంతా ఊపిరి బిగపట్టినట్టయింది. ఆ తర్వాత ఒక్క ఉలే. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. పెద్దాయన మధ్యలో ఒకసారి, ఇది నా దెబ్బ కాదే అని గొణిగాడు. చేయి మాత్రం ఆపలేదు.

చప్పుడు ఆగింది. అయిందని ఎవరూ చెప్పలేదు. అద్దం బరువు మోచేతుల్లోకి దిగుతోంది. అద్దం అవతల ఎవరో ఉన్నారని, అంతకు ముందు లేరని, నా ఒంటికి తెలుస్తోంది. మెడ కొంచెం పక్కకు వాలిస్తే చాలు, కనపడేది. నేను వాల్చలేదు.

ఆమె గోడ దగ్గర నుంచి రెండడుగులు వచ్చి, ఓరగా అద్దంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆయన పనే" అంది. తర్వాత తన కంటి కొసను వేలితో తడుముకుని, ఎవరికీ కాకుండా, "ఎవురి కండ్లు పెడ్తావని అడిగితే చెప్పకపాయ" అంది.

కళ్లకు పసుపు గుడ్డ కట్టారు. అమావాస్య పొద్దున బండి వచ్చింది. ఊరివాళ్లు గుడ్డ విప్పకుండానే అమ్మను ఎక్కించుకుని, ఆమెకు ఇవ్వాల్సింది ఇచ్చి, డప్పులతో పోయారు. ఆమె ఆ మూల కడిగి, తడి ఆరకముందే అక్కడే కూర్చుని బియ్యం ఏరుకోసాగింది. కొంతసేపటికి పక్కింటామె చేతిలో పిడకతో వచ్చి, గడప దగ్గర ఒక క్షణం నిలబడి, లోపలికి తొంగి చూసి, నిప్పు కోసం లోపలికి వచ్చింది.