అష్టమినాడు బిగించిన మోకు

గుమిల్ దీవికి కాపురానికి వచ్చిన నాటినుంచీ మల్‌సూన్ పని ఒడ్డుమీదే. తినే సముద్రపు నాచు మొలకలను తాడు పురుల్లో దూర్చడం, కోసి తెచ్చిన నాచును ఎండలో తిరగేయడం. సముద్రంలో నాచు తాళ్ల వరుసలు, వాటి లంగర్లు, మోకులు, తేలే బుడ్డీలు మొగుడు గిల్‌నామ్ చూసుకునేవాడు. ఈ ఏడు అతని భుజం పట్టేసింది.

“మన వరుసలు మా తమ్ముడికి ఇచ్చేద్దామే,” అన్నాడు.

“ఈ ఒక్కసారి నేను కడతాను. నిలిస్తే మనవి, లేదంటే అతనివి.”

అతను అలిగి రేవు వైపే రాలేదు.

అష్టమినాడు సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. పక్క వరుసల పిల్‌సిమ్ పడవ నడిపింది. మల్‌సూన్ పడవ అంచుకు కాలు తన్నిపెట్టి లంగరు నుంచి బుడ్డీకి మోకులు బిర్రుగా లాగి కట్టింది. నల్ల బుడ్డీలు పూసలు గుచ్చినట్టు తిన్నగా నిలిచాయి. రేవులో మగవాళ్లు సైతం మెచ్చుకున్నారు. ఆ రాత్రి ఆమె రెండు ముద్దలు ఎక్కువే తింది.

అమావాస్య పొద్దున పిల్‌సిమ్ వాకిట్లోకొచ్చి అరిచింది.

“ఒసే మల్‌సూన్! నీ వరుసలు సముద్రపు రాజు పట్టుకుపోయాడే! పిలిచి భోజనం పెడితే తిరిగిస్తాడేమో చూడు!”

పరుగెత్తి చూస్తే నిండు పోటు. ఒక్క బుడ్డీ పైన లేదు. వెనక్కొచ్చి మొగుడి ముందు కూలబడింది.

“ఏనాటి నీళ్లకు కట్టావు?” అన్నాడు గిల్‌నామ్.

“అష్టమి నీళ్లకు.”

“అమావాస్య పోటుకు నీళ్లు ఇంకెంతో ఎక్కుతాయి కదే! నువ్వేమో మోకును అంత బిగించావు. బుడ్డీ పైకి ఎలా వస్తుంది? ఇలాగే ఉంటే లంగర్లు లేచి కొట్టుకుపోతాయి.”

“ముందే చెప్పొచ్చుగా!”

“అడిగావా నువ్వు?”

“రేవుకు వచ్చావా నువ్వు?”

గిల్‌నామ్ లేచి, పట్టేసిన భుజాన్ని చొక్కాలోకి దూర్చుకుంటూ, “పోటు తగ్గి నీళ్లు దిగే వేళకు అక్కడుండాలి, పద,” అన్నాడు.

పిల్‌సిమ్ కూడా పడవెక్కింది; అతను ఒంటిచేత్తో చుక్కాని పట్టాడు. నీరు దిగేకొద్దీ బుడ్డీలు ఒక్కొక్కటే తలలెత్తాయి. మల్‌సూన్, పిల్‌సిమ్ కలిసి ముళ్లు విప్పి, ప్రతి లంగరు మోకునూ వదులు చేశారు.

“ఇంకా వదులు,” అన్నాడు గిల్‌నామ్.

“చూడ్డానికి బాగోదయ్యా!”

“ఇదేమన్నా పెళ్లిచూపులా? వదులు!”

“మొన్న నేనూ ఆ తిన్నదనం చూసి మురిసిపోయాన్లే, అన్నా,” అంది పిల్‌సిమ్, నోటితో ముడి లాగుతూ.

మర్నాడు నిండు పోటు వేళకు ముగ్గురూ గట్టుమీదున్నారు. బుడ్డీలన్నీ పైనే ఉన్నాయి. కాకపోతే ఒకటి ఇటు, ఒకటి అటు.

“తాగి ఇంటికెళ్తున్నట్టున్నాయి!” ఎవరో నవ్వారు.

“తాగినా మునగలేదుగా!” అంది మల్‌సూన్.

గిల్‌నామ్ బుడ్డీలను చివరిదాకా లెక్కపెట్టి ఆమెవైపు తిరిగాడు.

“మరి తమ్ముడికేం చెప్పను?”

“మొలకలు వస్తున్నాయి, పురుల్లో దూర్చడానికి చేతులు కావాలి, రమ్మను. నేను సముద్రంలో ఉంటాను.”