రాగి జావ కాదు, సోడంబలి

మా పక్కింటి ఫోర్‌మన్ గారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో తెలిసింది. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ. ఆయన ఆసుపత్రిలో చేరి అప్పటికి పది రోజులైంది. ఆ ఉదయం ఆయన భార్య ఇంకా ఆసుపత్రిలోనే ఉండగా, ఆయన నడిపిన చిత్రోత్సవం వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరి కనిపించాయి. ఆ బొమ్మల మధ్యలో ఒకాయన రోజూ పెట్టినట్టే గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు. ఇంకొకాయన ‘సంతాప సభకు శాలువా ఎవరు తెస్తున్నారు’ అని అడిగాడు. పోయిన మనిషికి చలేస్తుందనుకున్నాడు కాబోలు. ఫోన్ బల్ల మీద బోర్లించి చెయ్యి కడుక్కున్నాను. రోత పుట్టినప్పుడు చెయ్యి కడుక్కోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ నెలలో సబ్బు బాగానే అరిగింది.

ఆయన తగరపువలస దగ్గర పల్లెలో రైతు ఇంట పుట్టి, ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. నేను గోదావరి జిల్లా నుంచి కాపురానికి వచ్చి, ఇక్కడి హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పినదాన్ని. ఆయన ఓటు ఎటో మా వీధికంతా తెలుసు. నా ఓటు ఎటో మా ఆయనకు కూడా తెలియదు. పొద్దున్నే పిట్టగోడ మీద పేపరు పరుచుకుని ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. నేను గెలిచిన రోజున ఆయన ‘కాఫీ సల్లారిపోతంది, ఎల్లండి’ అనేవారు. ఆయన గెలిచిన రోజున నేను అదే మాట అనేదాన్ని.

కొన్నేళ్ల కిందట ఆయనా, ఆయనలా ఆలోచించే మరికొందరూ కలిసి ఒక చిత్రోత్సవం మొదలుపెట్టారు. దేశం, కుటుంబం, ఆచారం అంటూ సొంతంగా చిన్న చిన్న సినిమాలు తీసుకునేవాళ్లకు పెద్ద చిత్రోత్సవాల్లో చోటు దొరకడం లేదని వాళ్ల బాధ. ‘మనల్ని మనం తిట్టుకుంటేనే ప్రైజులిస్తారేటి?’ అనేవారాయన. అందులో కొంత నిజం ఉందని నాకూ అనిపించింది. గోడ దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. తెలుగు వచ్చినదాన్నని నన్ను కూడా ఎంపిక కమిటీలో వేశారు.

గాజువాకలో ఒక కల్యాణ మండపంలో ప్రదర్శనలు. ముందు రోజు పెళ్లి తాలూకు రిబ్బన్లు కుర్చీలకు ఇంకా వేలాడుతుండేవి. సాంబారు వాసన పోయేది కాదు. సినిమాల సంగతి చెప్పాలంటే, ఒకదాంట్లో కోడలు మనసు మార్చుకుని వంటింట్లోకి వెళ్లడానికి ముప్పావు గంట పట్టింది. వెళ్లగానే సినిమా అయిపోయింది. ‘ఎలా ఉందండీ మీ సంప్రదాయం?’ అని ఎత్తిపొడిచాను. ‘ఆ పిల్లకి గరిటి పట్టడం రాదు, పంతులమ్మ గారూ. పట్టినట్టు ఏక్టింగు సేసింది. సంప్రదాయం కూడా అంతే, సాలామంది ఏక్టింగే’ అన్నారు. ఆ మాట వేదిక మీద మైకులో కూడా అన్నారు. కమిటీకి నచ్చలేదు.

ఆయనకో పట్టుదల ఉండేది. ప్రతి సినిమాకూ చివర పేర్లన్నీ పైకి వెళ్లిపోయేదాకా దీపాలు వెయ్యనిచ్చేవారు కాదు. స్విచ్చుల దగ్గర తనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. జనం విసుక్కుంటే, ‘ఆఖర్ని ఎల్లే పేరుకీ ఒక అమ్మ ఉంటాది బాబూ, కూసోండి’ అనేవారు. తమ వాదానికి ఎదురు వాదం చెప్పే సినిమాను కూడా చూసి తీరాలనేవారు. ‘సూడకుండా తిట్టీవోడు పిరికోడు’ అని ఆయన తీర్మానం.

పోయినేడాది ఆయనే ఒక సినిమా తీశారు. ఫోన్‌తో తీసిందే, పావుగంట ఉంటుంది. పేరు ‘మాయమ్మ సోడంబలి’. చోళ్ల పిండితో, అంటే రాగి పిండితో, వాళ్లమ్మ అంబలి ఎలా కాచేదో, అచ్చం అలాగే వాళ్లక్క పల్లెలో కాస్తూ ఉంటుంది. వెనక ఈయన గొంతు. చిన్నతనం, కరువు, ఒకే కుండ చుట్టూ అయిదుగురు పిల్లలు. అంతే సినిమా. తియ్యక ముందు మాటలన్నీ కాగితం మీద రాసి, చూడమని నాకిచ్చారు. ముప్ఫయ్యేళ్ల జబ్బు ఊరుకుంటుందా, ఎర్ర పెన్ను తీశాను.

మర్నాడు గోడ దగ్గర అడిగారు. ‘ఎన్ని మార్కులేసేరేటి?’

‘తప్పులు పోను మార్కులు మిగల్లేదండీ.’

కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదివారు. ‘మాయమ్మ సోడంబలి కాసీది’ అన్న చోట నేను ‘మా అమ్మగారు రాగి జావ కాచేవారు’ అని దిద్దాను. ఆయనకు కోపం రాలేదు. ‘నాను అన్నకాడల్లా నేను అని రాసేరు. బావుంది. మరి నానెక్కడికెల్లిపోనాను?’ అన్నారు. నేను నవ్వాను. సినిమాలో ఆయన తన మాటల్లోనే చెప్పుకున్నారు. కానీ సినిమాతో పాటు మాటల ప్రతి కూడా కమిటీకి ఇవ్వాలని నియమం. ఆయన దగ్గరున్న ప్రతి నేను దిద్దినదొక్కటే. దాన్నే ఇచ్చేశారు.

కమిటీ అధ్యక్షుడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ అధికారి. సినిమా చూసి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, ‘బంగారంలా ఉందండీ. గొంతొక్కటీ మారుద్దాం. ఆ యాస వినగానే జనం కామెడీ అనుకుని నవ్వుతారు’ అన్నాడు.

‘నవ్వనీండి బాబూ. నవ్వడం అయిపోయేక ఇంటారు’ అన్నారు ఫోర్‌మన్ గారు.

‘అది కాదండీ. మనది సంస్కృతి కోసం పెట్టుకున్న వేదిక. ఒక స్థాయి ఉండాలి కదా.’

‘సంస్కృతి కాపాడతామనే గదా బోర్డు కట్టేం. కాపాడ్డమంటే కడిగీడం కాదు. మాయమ్మ మాట్నే కడిగీస్తే ఇంకేటి మిగుల్తాదని కాపాడతారు? గొంతు మారిస్తే ఈ బొమ్మ ఎయ్యొద్దు.’

బొమ్మ వెయ్యలేదు. నేను ఆ గదిలోనే, ఆ బల్ల దగ్గరే ఉన్నాను. నోరు కత్తి అని పేరున్నదాన్ని, ఆ పూట కత్తిని ఒరలో పెట్టుకుని బిస్కెట్ తిన్నాను.

ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు ఆయన గోడ మీద నుంచి ఒక పెన్‌డ్రైవ్ అందించారు. ‘ఇందలో నానున్నాను. పోపుల డబ్బాలో ఎయ్యకండేం’ అన్నారు. ఆయనతో నాకు అదే ఆఖరి మాట.

పెద్దకర్మ అయ్యాక అదే మండపంలో సంతాప సభ జరిగింది. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో కన్నా వచ్చిన పెద్దల ఫొటోలు పెద్దవి. ఫొటోకి శాలువా కప్పారు, జారిపోయింది, పిన్నీసుతో గుచ్చారు. మాట్లాడిన ప్రతివాడూ ఆయన తనకెంత దగ్గరో చెప్పాడు గానీ, ఆయన ఎలాంటివాడో ఒక్కడూ చెప్పలేదు. ఆ తరవాత, నివాళిగా ఆయన చిత్రమే చూపిస్తున్నామని ప్రకటించారు. తెర మీద పేరు పడింది. ‘మాతృ ప్రసాదం’. కుండ కనిపించింది, వాళ్లక్క చెయ్యి కనిపించింది. ప్రకటనల్లో వినిపించేటటువంటి ఒక నున్నటి గొంతు మొదలైంది. ‘నేను చిన్నతనంలో ఉన్నప్పుడు మా అమ్మగారు రాగి జావ కాచేవారు...’

ముందు వరసలో నా పక్కన ఆయన భార్య. నా మోచెయ్యి పట్టుకుని, ‘పంతులమ్మ గారూ, మాటాడతన్నది ఎవులండీ?’ అంది.

ఆ గొంతు ఎవరిదో నాకూ తెలియదు. మాటలు మాత్రం అన్నీ తెలుసు, ఒక్కొక్క కామాతో సహా. సినిమా అవగానే, పేర్లు మొదలవకుండానే దీపాలు వేసేశారు. స్విచ్చుల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. నేరుగా అధ్యక్షుడి దగ్గరకు వెళ్లాను.

‘చచ్చిపోయినవాడు అడ్డం రాడని ఆయన గొంతు తీసేశారా?’

‘గౌరవంగా ఉంటుందని చేశామండీ. మా సొంత మాట ఒక్కటి కూడా చేర్చలేదు. ఫైల్లో ఉన్న ప్రతి ఉన్నదున్నట్టు చదివించాం.’ అధ్యక్షుడు వినయంగానే ఇంకో మాట కూడా అన్నాడు. ‘మీరు దిద్దిందే కదా టీచర్ గారూ. ఎంత చక్కగా దిద్దారండీ.’

అతని మీద నాకున్న అసహ్యమంతా ఆ మాటతో నా వైపు తిరిగింది. ఇంటికి వచ్చి చెయ్యి కడుక్కున్నాను. ఎర్ర సిరా సబ్బుకి పోదు. ముప్ఫయ్యేళ్లలో ‘నాను’ అని రాసిన ఎంతమంది పిల్లల చేత ‘నేను’ అనిపించి, పాసు చేసి పంపానో.

మర్నాడు పదకొండు గంటల వేళ పెన్‌డ్రైవ్ పట్టుకుని పక్కింటికి వెళ్లాను. ఆవిడ వంటింట్లో ఉంది. ఆవిడను పిలవకుండానే ముందుగదిలోకి నడిచాను. మా మనవరాలు నేర్పినట్టే దాన్ని టీవీకి గుచ్చి, మీట నొక్కాను.

‘నాను సిన్నప్పుడు, మాయమ్మ సోడంబలి కాసీది...’

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. ‘ఒచ్చీసినారా? సారు ఇంకా మరగనేదు’ అంటూ ఆవిడ గరిటి పట్టుకుని బయటికి వచ్చింది.

వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. కూర్చోమని నేననలేదు, ఆవిడ కూర్చోలేదు. పావుగంటా ఆయన మాట్లాడారు. కుండ దిగింది. పేర్లు మొదలయ్యాయి. ఎక్కువేం లేవు. ఆఖరి పేరు వాళ్లమ్మది. అది తెర పైఅంచు దాటి పూర్తిగా వెళ్లిపోయేదాకా నేను మీట ముట్టుకోలేదు. ఆవిడ గరిటి చివర నుంచి చారు ఒక్కొక్క చుక్కే గుమ్మం మీద పడుతోంది.