రెండు పళ్ళు తప్పిన బెల్టు

టైమింగ్ బెల్టు మార్చమని తార్నాకలోని మెకానిక్ షెడ్డుకు ఇచ్చేటప్పటికి నా కారు నడుస్తూనే ఉంది. బెల్టు పాతబడింది, దారిలో తెగితే కష్టమని ముందుజాగ్రత్తగా ఇచ్చాను. మర్నాడు తెచ్చుకుందామని వెళ్తే, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను గిర్రున తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు.

"బ్యాటరీ పోయింది మేడం," అన్నాడు మెకానిక్, పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

నమ్మాను. కొత్తది వేయించాను. లాభం లేదు. "మొన్న వానలకు ట్యాంకుల నీళ్లు వోయినయి" అన్నాడు. ట్యాంకు కడిగించాను. ఐదో రోజు "మాతోని కాదు, షోరూమ్‌కు తీస్కపోండ్రి" అని ఫోన్ చేసి, నేను యూనివర్సిటీలో క్లాసు చెబుతుండగా కారును తాడు కట్టి లాక్కొచ్చి, క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్ ముందు వదిలేసి పోయాడు. బానెట్ నిండా నల్లటి వేళ్ళ ముద్రలు. సీటు మీద చింపిన గుట్కా ప్యాకెట్. దాన్ని కాగితంతో పట్టుకుని తీసి పారేశాను.

మర్నాడు పొద్దున మళ్ళీ సెల్ఫ్ కొడుతుంటే ఒకాయన సైకిల్ ఆపాడు. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పనిచేస్తాడు. మాణికేశ్వర్ నగర్ నుంచి రోజూ మా ముందు నుంచే వెళ్తాడు. పదేళ్ళలో ఒక్కసారీ పలకరించలేదు నేను.

"ఇగ కొట్టకుండ్రి మేడం, లోపల దెబ్బ తింటది. ఏం పని చేయించిన్రు?"

"బెల్టు మార్పించాను. బ్యాటరీ కూడా కొత్తదే."

"సెల్ఫ్ గింత జోరుగ తిరుగుతున్నది. బ్యాటరీది తప్పెట్లయితది?"

నా ముఖం మాడిపోయింది. ఫిజిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. ఆ శబ్దం ఇన్ని రోజులుగా వింటూనే ఉన్నాను.

మధ్యాహ్నం పానాలు తెచ్చి బెల్టు మూత విప్పాడు. కింది చక్రానికీ పైచక్రానికీ గుర్తులుంటాయి, రెండూ ఒకేసారి సరిపడాలి, లేకపోతే ఇంజను అందుకోదు. పైచక్రం రెండు పళ్ళు తప్పి కూర్చుంది. తప్పిన చోటే, సరిగ్గా ఉన్నట్టు కనబడేలా, తెల్ల పెయింటుతో కొత్త గీత పెట్టి ఉంది.

"కంపెనీ గీత ఇది మేడం. ఆ తెల్లది మీ మెకానిక్ పెట్టుకున్నది."

ఫోన్ చేసి మెకానిక్‌ని పిలిపించాను. గీత చూపించి, బెల్టు తప్పిందని ఎప్పటి నుంచి తెలుసని అడిగాను.

"బెల్టు ఎక్కించిన్నాడే తెల్సింది మేడం," అన్నాడు నవ్వుతూ. "మల్ల అంత విప్పాలె గద, షెడ్డుల బండ్లు మస్తున్నయి."

"మరి బ్యాటరీ ఎందుకు మార్పించావు?"

"కొత్తదైతే మీకే మంచిది గద!"

వర్క్‌షాపు ఆయన పక్కనే నిలబడి అతని చేతే బెల్టు సరిచేయించాడు. తాళం పెట్టేముందు ఇంజన్ను పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పించాడు. లోపల ఎక్కడా ఏదీ తగల్లేదు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నాకు సంతోషం కలగలేదు. ఆ సీట్లో కూర్చోవాలంటేనే రోతగా ఉంది.

మెకానిక్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. "జర మంచి రివ్యూ ఇయ్యుండ్రి మేడం, ఫైవ్ స్టార్."

"సరే, థాంక్స్," అన్నాను. నా నోరే అంది ఆ మాట.

అతను వెళ్ళాక వర్క్‌షాపు ఆయన పానాలు ఒక్కొక్కటే సంచిలో వేసుకుంటూ అడిగాడు.

"థాంక్స్ ఎందుకు చెప్పిన్రు మేడం ఆయనకు?"

నేను బానెట్ మీది నల్లటి ముద్రలు తుడవసాగాను. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయనకు మాత్రం ఆ మాట చెప్పడమే మరిచిపోయాను.